యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) సుప్రసిద్ధ భారతీయ వైద్య శాస్త్రవేత్త. భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరాడు. జీవనాధారం కోసం బోస్టనులోని బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశాడు.

తరువాత సైరస్ ఫిస్కేతో కలసి రక్తమూత్రాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించాడు. మాలిబ్డేటుతో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. మూత్రపిండాలు విఫలమైతే భాస్వరం రక్తంలో పేరుకొని ఎముకలకు, రక్తనాళాలకు హాని చేస్తుంది. అందువలన డయాలిసిస్ రోగులకు ఈ పరీక్ష క్రమం తప్పక చేస్తారు. కండరాలకు శక్తినిచ్చే భాస్వర సమ్మేళనాలను కూడా వీరిరువురు కనుగొన్నారు.

1940లో లెడర్లే సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ పరిశోధనలకు నాయకత్వం వహించాడు.

1948లో కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండ యంత్రానికి మెరుగుపరచిన రూపం బ్రిగ్‌హామ్‌లో వాడుకలోకి వచ్చింది. ఆ సంవత్సరమే సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు. ప్రపంచంలో విజయవంతమైన తొలి మూత్రపిండ మార్పిడి 1954 డిసెంబరు 23న, కవల సోదరుల మధ్య, ఆయన ఒకనాడు పాత్రలు కడిగిన ఆ ఆసుపత్రిలోనే జరిగింది.