మార్చి నెల, చల్లటి నది, ఐజాక్ వాల్టన్

ఫ్రెండ్స్, ఈసారి నేను రాస్తున్నది ఒక బట్టల వ్యాపారి గురించి. పేరు ఐజాక్ వాల్టన్. చేపలు పట్టడం మీద ఇంగ్లిష్‌లో ఆయన రాసిన పుస్తకం 370 ఏళ్ళు దాటినా ఇంకా ప్రింట్ అవుతూనే ఉంది.

వాల్టన్ 1593లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే నాన్న పోయాడు. లండన్ వెళ్ళి ఒక బట్టల వ్యాపారి దగ్గర పని నేర్చుకుని, తర్వాత ఫ్లీట్ స్ట్రీట్ దగ్గర సొంతంగా షాపు పెట్టాడు. పెద్ద చదువులేమీ లేవు. కానీ ఆ వీధి చర్చిలో ఫాదర్‌గా ఉన్న జాన్ డన్ అప్పటి గొప్ప కవుల్లో ఒకడు. వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. డన్ పోయాక, 1640లో ఆయన జీవితచరిత్ర రాసింది ఈ బట్టల షాపాయనే.

అదే ఏడాది భార్య రేచల్ చనిపోయింది. వాళ్ళకి పుట్టిన ఏడుగురు పిల్లల్లో ఒక్కరు కూడా పెద్దవాళ్ళు కాలేదు. ఇంకో రెండేళ్ళకి దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. వాల్టన్ రాజు వైపు మనిషి. 1649లో ఆ రాజు తల నరికేశారు. ఓడిపోయిన వైపు ఉండి, ఇంట్లో ఇన్ని చావులు చూసిన మనిషి 1653లో, దాదాపు 60 ఏళ్ళ వయసులో, 'ది కంప్లీట్ యాంగ్లర్' అనే పుస్తకం తెచ్చాడు. అందులో కోపం లేదు. ఏటి గట్టు, గాలం, కబుర్లు, పాటలు, చేపని ఎలా వండాలో కూడా ఉంది. నాకైతే ఇదే ఆశ్చర్యం. ఇన్ని పోగొట్టుకున్నాక ఇంత ప్రశాంతంగా రాయడం మామూలు విషయం కాదు.

ఇక్కడ ట్రౌట్ గురించి చెప్పాలి. దీనికి తెలుగు పేరు లేదు, ఎందుకంటే మన గోదావరి, కృష్ణ నీళ్ళు దానికి మరీ వెచ్చన. నీళ్ళు చల్లగా ఉంటే ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, ట్రౌట్‌కి అదే కావాలి. మన దేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరి లాంటి చోట్ల బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలినవే ఉన్నాయి. ఇంగ్లండ్ ట్రౌట్ చలికాలంలో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. మార్చికల్లా చిక్కిపోయి, ఆకలి మీద ఉంటుంది. కానీ నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి అడుగునే ఉండి పెద్దగా కదలదు. మధ్యాహ్నం కాస్త ఎండ తగిలాక, నది అడుగున రాళ్ళ కింద పెరిగిన పురుగులు పైకి తేలి రెక్కలు విప్పుతాయి. అప్పుడే కాసేపు ట్రౌట్ కూడా పైకి వస్తుంది. ఆ కొంచెం సేపటి కోసం మిగతా రోజంతా చలిలో వెయిట్ చెయ్యాలి.

ఆ పైకొచ్చే చేపకి వానపాము ఎర పనికిరాదు. ఈకలు, బొచ్చు, పట్టుదారం కొక్కేనికి చుట్టి ఉత్తుత్తి ఈగని తయారుచెయ్యాలి. వాల్టన్‌కి ఇది అంతగా రాదు. తన పుస్తకంలోని ఈగల సంగతి థామస్ బార్కర్ అనే ఆయన దగ్గర నేర్చుకున్నానని ఓపెన్‌గా రాశాడు. ఇది బాగా తెలిసినవాడు చార్లెస్ కాటన్. వాల్టన్ కంటే 37 ఏళ్ళు చిన్న, జమీందారు, కవి, ఎప్పుడూ అప్పుల్లో ఉండేవాడు. డెర్బీషైర్, స్టాఫర్డ్‌షైర్ మధ్య సున్నపురాయి కొండల్లో పారే డవ్ నది ఒడ్డునే అతని ఇల్లు. 1674లో అక్కడ చేపలవేట కోసం చిన్న రాతి గది కట్టించి, గుమ్మం మీద ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు పెనవేసి చెక్కించాడు. అది ఇప్పటికీ ఉంది.

వాల్టన్ తన పుస్తకాన్ని వదిలెయ్యలేదు. మన భాషలో చెప్పాలంటే అప్‌డేట్లు ఇస్తూనే ఉన్నాడు. మొదట 13 అధ్యాయాలు, రెండేళ్ళకే 21 అయ్యాయి. 1676లో ఐదో ముద్రణ వస్తుంటే, ఈగల భాగం కాటన్‌ని రాయమన్నాడు. కాటన్ లాస్ట్ మినిట్ దాకా ఆగి, మనం ల్యాబ్ రికార్డులు రాసినట్టు, పది రోజులకి కాస్త ఎక్కువ టైమ్‌లో రాసేసి మార్చి 10న పంపాడు. ఏ నెలలో ఏ ఈగ కట్టాలో వరసగా చెప్పాడు. తేట నీళ్ళలో చేపకి మనిషి కనపడిపోతాడు కాబట్టి సన్నటి దారం వాడి, దూరంగా నిలబడాలన్నాడు. అప్పట్లో దారం అంటే గుర్రం తోక వెంట్రుకలే.

అప్పటికి వాల్టన్‌కి 82 ఏళ్ళు. 23 ఏళ్ళుగా తన పేరు మీద నడుస్తున్న పుస్తకంలో, తనకంటే బాగా తెలిసిన చిన్నవాడికి చోటిచ్చాడు. ఆ భాగం కాటన్ పేరుతోనే వచ్చింది.

వాల్టన్ 1683 డిసెంబర్‌లో, 90 ఏళ్ళ వయసులో వించెస్టర్‌లో చనిపోయాడు. అక్కడి కథీడ్రల్‌లోనే సమాధి ఉంది. 1914లో గాలం వేసేవాళ్ళు చందాలు వేసుకుని అక్కడ ఆయనకి ఒక రంగుటద్దాల కిటికీ పెట్టించారు. అందులో ఆయన ఏటి పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటాడు.

సెకండ్ ఇయర్‌లోనే మన రెజ్యూమే ఖాళీగా ఉందని కంగారుపడుతున్నాం కదా. ఈయన్ని ఇవాళ అందరూ గుర్తుపెట్టుకున్న పుస్తకం దాదాపు 60కి మొదలై, 82కి, అదీ ఒక ఫ్రెండ్ చేత్తో పూర్తయింది. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి.