మాలేరి ఎముకలు – పాదిరి హిస్లాప్

ప్రాచీన సరీసృపముల అస్థికలు ఎల్ల నేలలయందును దొరకునవి కావు. ఉద్దానమున అక్కుపల్లి తీరమునుండి బయలుదేరి పలాస, టెక్కలి కొండలన్నియు గాలించినను ఒక్క పల్లైన దొరకదు. తూర్పు కనుమల శిలలు జంతువులు పుట్టుటకు పూర్వమే భూగర్భమున కాగి, నలిగి, రూపు మారినట్టివి. తెలుగు నేలపై అట్టి ఎముకలను చూడగోరువారు ప్రాణహిత గోదావరుల లోయకు పోవలెను. అచ్చట ఆసిఫాబాదు ప్రాంతమున మాలేరి అను గ్రామము కలదు. దాని చుట్టునున్న ఎఱ్ఱని బంకమట్టి శిలలు ఇరువదిరెండు కోట్ల యేండ్లకు పైబడినవి. నిజాము రాజ్యములోని ఆ మారుమూల పల్లె పేరు లండను పండితసభలలో వినబడుటకు ముఖ్య కారకుడు స్టీఫెన్ హిస్లాప్ అను క్రైస్తవ మతబోధకుడు.

హిస్లాప్ 1817 సెప్టెంబరు 8వ తేదీన స్కాట్లండులోని డన్స్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయములలో చదివెను. 1843లో స్కాట్లండు క్రైస్తవసంఘము రెండుగా చీలినపుడు స్వతంత్ర శాఖ పక్షమున నిలిచి, మరుసటి యేట వివాహమాడి, భార్యతో ఓడయెక్కెను. 1845లో నాగపురము చేరెను. అప్పటికి అది భోంస్లే ప్రభువుల రాజధాని. ఆయన అచ్చట పాఠశాల స్థాపించి, మరాఠీ నేర్చి, ఊరూర తిరుగుచు బోధన సాగించెను. నాగపురమున ఆయన పేరిట వెలసిన కళాశాల నేటికిని నడచుచున్నది.

మతబోధకుడు రాళ్లను చదువుట ఆ కాలపు స్కాట్లండువారికి వింత కాదు. అదే స్వతంత్ర శాఖకు చెందిన హ్యూ మిల్లరు శిలాశాస్త్ర గ్రంథములతోనే ఖ్యాతి గడించెను. హిస్లాప్ తన సహచరుడైన రాబర్ట్ హంటరుతో కలిసి నాగపుర పరిసరములలో శిలలుగా మారిన నత్తగుల్లలను, ఆకుల ముద్రలను సేకరించెను. ఇరువురును కలిసి వ్రాసిన వ్యాసము 1855లో లండను భూగర్భశాస్త్ర సంఘపు పత్రికలో వెలువడెను. మాంగలి గ్రామమున దొరకిన ఒక ఉభయచరపు పుఱ్ఱెను ఆ యేడే రిచర్డు ఓవెన్ వర్ణించెను. జీతమిచ్చి ఈ పనికై ఆయనను నియమించినవారెవ్వరును లేరు. బోధనకై తిరిగిన దారులే ఆయనకు పరిశోధనాలయములు.

మాలేరి వస్తువులలో మొదట పేరొందినవి చేపపండ్లు. ఊపిరితిత్తులతో శ్వాసించు ఆ జాతి చేపలలో ఒకదానికి ఆయన పేరే పెట్టబడినది. అటుపిమ్మట సరీసృపముల పండ్లు, ఎముకలు దొరకెను. వానిని గూర్చి ఆయన వ్రాసిన లేఖల సంగ్రహము 1864లో అచ్చయ్యెను. అచ్చు చూచుటకు ఆయన లేడు. 1863 సెప్టెంబరు 4వ తేదీన, మధ్యపరగణాల అధిపతి రిచర్డు టెంపులుతో కలిసి టాకల్‌ఘాట్ వద్ద మన పల్లెలలో రాకాసిగుళ్లు అనునట్టి ప్రాచీన సమాధులను చూడబోయి, తిరుగు దారిలో, వానలకు పొంగిన వాగును గుర్రముపై దాటుచు మునిగి మరణించెను. నలువదియారవ జన్మదినమునకు నాలుగు దినములే కొదవ. గోండుల భాషను, గాథలను గూర్చి ఆయన కూర్చిన పత్రములను టెంపులు పరిష్కరించి 1866లో ప్రకటించెను. హిస్లాప్ మరేమియు చేయకున్నను ఆ ఒక్క గ్రంథమునకే స్మరణీయుడు.

ఎముకల కథ మాత్రము ఆయన వెనుకనే నడచినది. స్కాట్లండు ఉత్తర భాగమున ఎల్గిన్ వద్ద ఇసుకరాతిలో దొరకిన ఒక విచిత్ర జంతువునకు హక్స్‌లీ 1859లో హైపెరోడపెడాన్ అని పేరిడెను. దాని మూతి చిలుకముక్కు. పైదవుడ పండ్ల వరుసల నడుమ గాడి యుండును. క్రిందిదవుడ అంచు ఆ గాడిలో అడకత్తెర వలె దిగి, తిన్న మొక్కలను తునుమును. ఆ ఇసుకరాయి అతిప్రాచీనమైన చేపల యుగమునకు చెందినదని పలువురు నమ్మియుండిరి. 1869లో హక్స్‌లీ మాలేరి ఎముకలలోను అదే జంతువును గుర్తించెను. ఎల్గిన్ రాయి, మాలేరి మట్టి ఇంచుమించు ఒకే కాలమువి యని తేలెను. తన దేశపు రాతి వయస్సును తెలుపగల సాక్ష్యమును హిస్లాప్ తన చేతులతోనే మూటగట్టి పంపెను. అది తెలియకయే పోయెను.

ఆ జంతువును హక్స్‌లీ బల్లిజాతికి చేరువగా, న్యూజిలాండులో నేటికిని బ్రదికియున్న ట్వటారా అను సరీసృపమునకు జ్ఞాతిగా తలచెను. నూరేండ్లకు పైగా పండితులలో పెక్కుమంది ఆ మాటనే పట్టుకొనిరి. నేటి శాస్త్రజ్ఞులు దానిని మొసళ్ల శాఖకు దగ్గరగా చేర్చుచున్నారు. మొసలి వంటి దేహము, కన్నుల చెంత ముక్కురంధ్రములు గల మరియొక మాలేరి జంతువు పారాసూకస్ హిస్లాపి అను పేర నిలిచినది. దాని పూర్ణ కంకాళములను శంకర ఛటర్జీ 1978లో వర్ణించెను. రెంటి కడుపులలోను చిన్న సరీసృపముల ఎముకలుండెను. ఆ ఆహారమునకు 1980లో మాలేరిసారస్ అను పేరు దక్కినది. మ్రింగబడుటచేతనే అది మనకు మిగిలెను.

ట్వటారా జ్ఞాతులు అచ్చట లేకపోలేదు. అదే లోయలో, మాలేరి మట్టికన్న కొన్ని కోట్ల యేండ్లు చిన్నదైన కోట శిలలలో, రెబ్బెన సమీపమున బయటపడినవి. గోదావరిసారస్, రెబ్బనసారస్ అని వానికి 2001లో సూసన్ ఇవాన్స్, ప్రసాద్, మన్హాస్ అనువారు పేర్లు పెట్టిరి. అవి మిక్కిలి చిన్న దవుడ తునకలు. అట్టివానిని మట్టి నానబెట్టి, సన్నని జల్లెళ్లలో కడిగి, సూక్ష్మదర్శిని క్రింద ఏరవలెను. గుర్రముపై తిరుగు పాదిరి కంటికి ఆనునవి కావు. మరుసటి యేట అచ్చటిదే భారతగామ అను జంతువును తొండలకు పూర్వజమని ఆ పండితులే ప్రకటించిరి. అదియు ట్వటారా వంశముదే కావచ్చునని కొందరనుచున్నారు. ఆ వాదము ఇంకను తెగలేదు.