యాభై ఏళ్ల వయసులో మళ్లీ మొదటి పేజీ
విలియం కేరీ అనగానే మనకు మిషనరీయే గుర్తొస్తారు. తెలుగు వ్యాకరణం కూడా రాశారని చాలామందికి తెలియదు. ఇంగ్లండులో చెప్పులు కుట్టిన కేరీ 1793లో బెంగాల్ చేరి, భాషలు నేర్చి, తర్వాత శ్రీరాంపూర్‌లో అనువాదాలకు పూనుకున్నారు. 1812 మార్చి 11న అక్కడి ముద్రణాలయం తగలబడింది. కాగితం, అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదయ్యాయి. తెలుగు వ్యాకరణం ప్రతి కూడా అందులోనే పోయింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. ఒక్క ప్రసంగం నోట్సు పోతేనే మనకు కాళ్లూచేతులూ ఆడవు! ఆయన కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి రాశారు. సహచరులు కొత్త అక్షరాలు పోతపోశారు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చయింది. బెంగాలీ బైబిలును డెబ్బయ్యేళ్ల వయసులోనూ ఆయన దిద్దుతూనే ఉన్నారు.