నెలవంక లెక్క తెలిసిన అల్‌బిరూనీ

రంజాన్ నెల ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి సాయంత్రం మన ప్రాంతంలో ఎలా గడుస్తుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఖర్జూరం నోట్లో ఉండగానే పిల్లలు డాబాల మీదికి పరుగెత్తుతారు. ఏలూరులో పడమటి దిక్కును మేడలు కప్పేస్తాయి గనుక కొందరు ఊరి బయట కాలువ గట్టుకు పోతారు. ఆకివీడు వైపు వారికి ఆ ఇబ్బంది లేదు, వారికి పడమరంతా కొల్లేరే. ఇంతలో తాడేపల్లిగూడెం నుండి ఎవరో ఫోను చేసి చాంద్ కనిపించిందంటారు. ఏలూరులో ఎవరికీ కనిపించలేదంటారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు తమకు ఈ రోజే పండుగ అయిపోయిందని ఫోనులో చెబుతాడు. మసీదు ముందు మాటా మాటా పెరుగుతుంది. మా ఎరుకలో ఒక ఏడు ఇలాగే ఇద్దరు అన్నదమ్ములు రెండు రోజుల్లో రెండు పండుగలు చేసుకున్నారు. ఆ ఏడాదంతా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. తల్లి మాత్రం ఇద్దరి ఇళ్లకూ సేమియా పంపింది.

చంద్రుడు ఒక్కడే, కాని చూసే చోట్లు అనేకం. చోటు మారితే చంద్రుడు కనిపించే వేళ, ఒరిగే తీరు, ఒక్కోసారి కనిపించడం, కనిపించకపోవడం కూడా మారతాయి. వెయ్యేళ్ల క్రితమే ఈ సంగతిని ఊహగా వదిలేయక లెక్కలోకి తెచ్చిన ముస్లిం విద్వాంసుడు ఒకరున్నారు. ఆయన జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన పూర్తి పేరు అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్‌బిరూనీ. 973వ సంవత్సరం సెప్టెంబర్ 4న ఖ్వారిజ్మ్ దేశంలో కాస్ పట్టణం వెలుపలి పేటలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఫారసీలో బిరూన్ అంటే వెలుపల, ఆ పేటవాడు గనుక బిరూనీ అయ్యారు. పేరున్న వంశం కాదు, ఆస్తి లేదు. కాని రాజవంశీకుడైన అబూ నస్ర్ మన్సూర్ అనే గణిత పండితుడు ఆ కుర్రవాణ్ణి చేరదీసి చదువు చెప్పారు. పదిహేడేళ్ల వయసుకే బిరూనీ డిగ్రీల గీతలున్న వలయంతో మధ్యాహ్న సూర్యుని ఎత్తు కొలిచి తమ ఊరి అక్షాంశం కనిపెట్టారు.

995లో ఖ్వారిజ్మ్‌లో అంతర్యుద్ధం వచ్చింది. ఆదరించిన రాజు హతుడయ్యాడు. ఇరవై రెండేళ్ల బిరూనీ ప్రాణం దక్కించుకుని రై నగరానికి చేరారు. ఆ రోజుల్లో ఆయన చిరుగు బట్టలు చూసి అక్కడి ఒక జ్యోతిష్కుడు ఆయన మాటలను ఎగతాళి చేశాడట. తర్వాత బిరూనీకి మంచి రోజులు వచ్చాక అదే మనిషి మర్యాద చేశాడట. మాట మారలేదు, మారింది అంగీ మాత్రమే. ఇటువంటి జ్యోతిష్కులు ఒక్క రైలోనే ఉన్నారని మేము అనుకోము.

997 మే 24న ఆయన తిరిగి కాస్‌లో ఉన్నారు. ఆ రాత్రి చంద్రగ్రహణం. బాగ్దాద్‌లో అబుల్ వఫా బూజ్‌జానీ అనే వృద్ధ పండితుడు ఉండేవారు. ఇద్దరూ ముందుగానే కబురు పంపుకుని, అదే గ్రహణాన్ని ఎవరి ఊరిలో వారు చూసి వేళ రాసిపెట్టాలని ఒప్పందం చేసుకున్నారు. గ్రహణాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, అప్పుడు చంద్రుడు భూమి నీడలో మునుగుతాడు. ఆ వెలుగు తగ్గడం చంద్రుని మీదనే జరుగుతుంది గనుక చూడగలిగిన ఊళ్లన్నింటికీ అది ఒకే క్షణం. కాని ఆ క్షణంలో ఏ ఊరి వేళ ఆ ఊరిదే. ఇద్దరి లెక్కలూ కలిపి చూస్తే సుమారు ఒక గంట తేడా వచ్చింది. భూమి ఇరవై నాలుగు గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. రెండు నగరాల మధ్య రేఖాంశం తేడా దాంతో తేలిపోయింది. టెలిఫోను లేదు, టెలిస్కోపు లేదు. ఒకరి మాట మరొకరికి చేరడానికి ఎడారి దాటే బిడారులే దిక్కు. బిరూనీకి అప్పటికి ఇరవై మూడేళ్లు.

ఈ లెక్కను మన ఊళ్లకు వేసి చూద్దాము. ఏలూరుకు, తాడేపల్లిగూడేనికి మధ్య రేఖాంశం తేడా అర డిగ్రీ కూడా లేదు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, సూర్యాస్తమయంలో రెండు నిమిషాల తేడా కూడా రాదు. కాబట్టి గూడెంలో కనిపించిన నెలవంక ఏలూరులో కనిపించకపోతే ఆ తప్పు చంద్రునిది కాదు. అడ్డొచ్చిన మబ్బుదో, మేడదో, మన చూపుదో. మక్కా సంగతి వేరు. అది మనకు పడమరగా 41 డిగ్రీల పైచిలుకు దూరంలో ఉంది. మనకు పొద్దుగూకిన సుమారు రెండు ముప్పావు గంటలకు గాని అక్కడ పొద్దుగూకదు. ఆ వ్యవధిలో చంద్రుడు సూర్యునికి మరో డిగ్రీన్నర దాకా ఎడం జరుగుతాడు. మన దగ్గర సూర్యకాంతిలో కలిసిపోయిన సన్నని వంక అక్కడికి వచ్చేసరికి కంటికి ఆనవచ్చు. 2024లో సౌదీలో ఏప్రిల్ 10న, మన వైపు 11న పండుగ జరిగింది. 2025లో అక్కడ మార్చి 30న, ఇక్కడ 31న. ఇటువంటి తేడాకు ప్రకృతిలోనే ఒక కారణం ఉందని గుర్తిస్తే సగం గొడవ తగ్గుతుంది.

సుమారు 1000వ సంవత్సరంలో బిరూనీ జుర్జాన్ పాలకుడు ఖాబూస్ కొలువులో ఉండి అల్ ఆసారుల్ బాఖియా అనే గ్రంథం రాశారు. వివిధ జాతుల కాలగణనలు, పండుగలు అందులో ఉన్నాయి. రంజాన్ ఎప్పుడూ ముప్పై రోజులేనని పట్టికలు వేసి నెలవంకను చూడనక్కరలేదన్న వారు ఆ కాలంలోనూ ఉన్నారు. బిరూనీ వారి వాదాన్ని ఆ గ్రంథంలో తిప్పికొట్టారు. చంద్రుని నడక ఎప్పుడూ ఒకే వేగంతో సాగదని, వంక కనిపించడం ఊరి అక్షాంశ రేఖాంశాలను బట్టి, గాలి తేటదనాన్ని బట్టి, చూసేవాని కంటి చురుకును బట్టి మారుతుందని వివరించారు. గమనించండి, లెక్కల్లో ఆయనను మించినవారు ఆ కాలంలో లేరు. ఆయనే లెక్క పేరుతో కంటిని కాదనలేదు.

అలాగని కంటి పేరుతో లెక్కను కాదనేవారినీ ఆయన సహించలేదు. నమాజు వేళలు తెలిపే ఒక పరికరాన్ని ఒక మసీదు పెద్దకు చూపితే, దాని మీద రూమీ క్రైస్తవుల నెలల పేర్లు చెక్కి ఉన్నాయని ఆయన తాకనన్నాడట. రూమీలు అన్నం కూడా తింటారు, బజారులో నడుస్తారు, మరి ఆ రెండూ మానేస్తారా అని బిరూనీ అడిగారు.

1017లో సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను జయించి అక్కడి పండితులను తన వెంట గజ్నీకి తరలించాడు. వారిలో బిరూనీ, ఆయన గురువు అబూ నస్ర్ కూడా ఉన్నారు. గౌరవ అతిథి అనాలో, ఖైదీ అనాలో చెప్పడం కష్టం. మరుసటి ఏడు అక్టోబరులో కాబూల్ దగ్గర జైఫూర్ అనే పల్లెలో ఆయన దుస్థితిలో ఉన్నారు. చేతిలో ఒక్క పరికరం లేదు. లెక్కలు వేసుకునే పలక వెనుక వలయపు ముక్క గీసి, దారానికి బరువు కట్టి వేలాడదీసి, దాంతోనే సూర్యుని ఎత్తు కొలిచారు. పరికరాలు లేవని బడిలో పాఠం మానేసే మా వంటి ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని రెండుసార్లు చదవాలి.

గజ్నీ కొలువులో జరిగినట్టు చరిత్రకారుడు యాఖూత్ రాసిన ఒక సంఘటన మన విషయానికి బాగా దగ్గరిది. తుర్కుల దేశపు కొస నుండి వచ్చిన ఒక రాయబారి, ధ్రువం వైపు తాను చూసిన చోట సూర్యుడు అస్తమించకుండా నేల అంచునే తిరుగుతాడని, అక్కడ రాత్రే ఉండదని చెప్పాడు. సుల్తానుకు కోపం వచ్చింది. రాత్రి లేకపోతే ఇషా నమాజు ఎక్కడిది, వీడు ధర్మభ్రష్టుడేనని అనుమానించాడు. ఆ రోజుల్లో ఆ అనుమానానికి తల పోవచ్చు. ఆ మనిషి వాదించడం లేదు, చూసింది చెబుతున్నాడు అని కొలువులో ఒకరు అడ్డుపడ్డారు. సుల్తాన్ బిరూనీని పిలిపించాడు. భూమి గుండ్రన, ధ్రువం వైపు పోయేకొద్దీ ఆకాశం ఒరిగి కనిపిస్తుంది, అందువల్ల పగళ్లు అలా సాగుతాయని బిరూనీ నెమ్మదిగా విప్పి చెప్పారు. సుల్తాన్ శాంతించాడు. తన ఊరి ఆకాశమే లోకానికంతటికీ ఆకాశమని అనుకోవడం వల్ల ఒక నిజం చెప్పినవాని ప్రాణం మీదికి వచ్చింది.

ఈ ఒరగడమే నెలవంక తీరులోనూ కనిపిస్తుంది. వంకలో వెలుగు వైపు ఎప్పుడూ సూర్యుని దిక్కే ఉంటుంది. మనం భూమధ్య రేఖకు 16, 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాము. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో ఇక్కడ చంద్రుడు అస్తమించిన సూర్యునికి ఇంచుమించు నిట్టనిలువుగా పైన ఉంటాడు. అందుకే వంక కొల్లేటి తాటిదోనెలా వెల్లకిలా పడుకుంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో చంద్రుడు సూర్యునికి ఎడమగా, దక్షిణానికి జరిగి ఉంటాడు గనుక దోనె ఒరిగి ఉత్తరపు కొమ్ము పైకి లేస్తుంది. బిరూనీ పుట్టిన ఖ్వారిజ్మ్ నలభై ఒక డిగ్రీ దాటి ఉత్తరాన ఉంది. అక్కడ వంక ఇంకా నిలబడి కనిపిస్తుంది. శరత్కాలంలోనైతే నేలను ఒరుసుకుంటూ పోయి తొందరగా మునిగిపోతుంది. ఆస్ట్రేలియాలో చదువుకునే మన పిల్లలు చూసే వంక మరో పక్కకు ఒరిగి, దక్షిణపు కొమ్ము పైకి ఉంటుంది. ఏ కొమ్ము లేస్తే ధరలు పెరుగుతాయో, ఏది లేస్తే వానలు పడతాయో మన పల్లెల్లో పెద్దలు చెప్పుకుంటారు. కొమ్ములకు సంబంధం నెలతోను, అక్షాంశంతోను. బియ్యం ధరతో లేదు.

భారతీయ పండితులు ఈ విద్యకు శృంగోన్నతి అని పేరు పెట్టారు. బ్రహ్మగుప్తుని సిద్ధాంతంలో దానికొక అధ్యాయమే ఉంది. బిరూనీ పంజాబ్ ప్రాంతానికి వచ్చి, నడివయసులో సంస్కృతం నేర్చుకుని బ్రహ్మగుప్తుణ్ణి శ్రద్ధగా చదివారు. నచ్చినచోట మెచ్చారు, నచ్చనిచోట కాదన్నారు. 1030 ప్రాంతంలో పూర్తి చేసిన కితాబుల్ హింద్‌లో మహమూద్ దండయాత్రలు ఈ దేశ సౌభాగ్యాన్ని పాడుచేశాయని కూడా రాశారు. ఆ సుల్తాన్ కుటుంబపు నీడలో బతుకుతూ అలా రాయడానికి గుండె ఉండాలి. పంజాబ్‌లోని నందనా కోట దగ్గర కొండ ఎక్కి, దిగువన నేల అంచు ఎంత వంగి కనిపిస్తుందో కొలిచి భూమి వ్యాసార్ధం లెక్క కట్టింది కూడా ఆయనే.

మన ఫిఖ్‌హ్ గ్రంథాల్లో ఇఖ్తిలాఫె మతాలె అనే చర్చ ఉంది. ఒక చోటి నెలవంక మరో చోటివారికి చెల్లుతుందా అన్నదే ఆ చర్చ. కురైబ్ సిరియా నుండి మదీనాకు తిరిగి వచ్చి, అక్కడ శుక్రవారం రాత్రే చంద్రుణ్ణి చూశామన్నారు. మదీనాలో కనిపించింది శనివారం రాత్రి. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మదీనా చూపునే నిలుపుకున్నారు. దీని మీద ఇమాముల్లో అభిప్రాయ భేదాలున్నాయి, తీర్పు చెప్పడం మా పని కాదు, అది ఉలమాల పని. మేము చెప్పదలచినది ఒకటే. ఆ రోజు సిరియావారినీ, మదీనావారినీ ఎవరూ అబద్ధాలకోరులు అనలేదు.

మహమూద్ తర్వాత మసూద్ సుల్తాన్ అయ్యాడు. బిరూనీ తమ మహాగ్రంథం అల్ ఖానూనుల్ మసూదీని ఆయనకు అంకితమిచ్చారు. చంద్రుడు భూమికి దగ్గరివాడు గనుక వేరు వేరు చోట్ల నుండి చూస్తే నక్షత్రాల మధ్య అతని స్థానం జరిగినట్టు కనిపించే విషయం కూడా అందులో ఉంది. అరబ్బీలో దీన్ని ఇఖ్తిలాఫుల్ మంజర్ అంటారు. ఆ గ్రంథానికి బహుమానంగా సుల్తాన్ ఒక ఏనుగు మోసే వెండి పంపితే, తనకు అవసరం లేదని బిరూనీ తిప్పి పంపారని చెబుతారు. యవ్వనంలో సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి కళ్లు దెబ్బతిన్నాయని, ఆ తర్వాత నీటిలో ప్రతిబింబం చూడటం మేలని తెలుసుకున్నానని ఆయనే రాసుకున్నారు.

1048 ప్రాంతంలో గజ్నీలో చివరి ఘడియలు వచ్చాయి. చూడవచ్చిన ఒక ధర్మవేత్తను, తల్లి వైపు అవ్వల వారసత్వ వాటా గురించి గతంలో మీరు చెప్పిన లెక్క ఏమిటని అడిగారు. ఈ స్థితిలో ఇప్పుడెందుకని ఆయన జాలిపడ్డారు. తెలియకుండా పోవడం కన్నా తెలుసుకుని పోవడం మేలు కాదా అని బిరూనీ బదులిచ్చారు. ఆయన వివరించారు, బిరూనీ తిరిగి అప్పజెప్పారు. వచ్చినాయన సెలవు తీసుకుని వీధిలోకి అడుగు పెట్టారో లేదో ఇంటి నుండి ఏడుపు వినిపించింది.

ఆయన అరబ్బీ గ్రంథాలను అచ్చువేసినవారిలో మన హైదరాబాదు కూడా ఉంది. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఆయన చిన్న గ్రంథాల సంపుటిని 1948లో, అల్ ఖానూనుల్ మసూదీని 1954 నుండి 1956 వరకు మూడు సంపుటాలుగా వెలువరించింది. రూమీ నెలల పరికరం కథ ఉన్న గ్రంథం ఆ 1948 సంపుటిలోనిదే. శాస్త్రజ్ఞులు చంద్రుని మీద ఒక పెద్ద గుంటకు అల్‌బిరూనీ పేరు పెట్టారు. అది మనకు కనిపించే ముఖానికి తూర్పు అంచు దాటిన వెంటనే, అవతలి వైపున ఉంది. చంద్రుడు మన వైపు కొద్దిగా ఊగినట్టు తిరిగే రోజుల్లో మాత్రం, మంచి దుర్బిణీ ఉన్నవారికి ఆ అంచున చిక్కవచ్చు.