జేమ్సు వాట్టు బాగుచేసిన యంత్రము

జేమ్సు వాట్టు 1736వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి గ్రీనాకు రేవుపట్టణమున జన్మించెను. బాల్యమునుండియు దుర్బల శరీరుడు. లండనులో ఒక్క సంవత్సరము శాస్త్రపరికరములు చేయు విద్య నేర్చి, 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున చిన్న పనిశాల పెట్టుకొనెను.

1763వ సంవత్సరపు శీతకాలమున, తరగతిలో విద్యార్థులకు చూపెడి న్యూకోమెను ఆవిరియంత్రపు నమూనాను బాగుచేయుమని అతనికిచ్చిరి. అతడు దానిని సరిచేసెను. అది నడిచెను గాని, కొన్ని ఊపులకే ఆవిరి చాలక నిలిచిపోయెను. మనలో ననేకులము అంతటితో దానిని అప్పగించి కూలి పుచ్చుకొనియుందుము. వాట్టు మాత్రము కారణమును వెదకెను. నీటిని కాచి, ఆవిరిని కొలిచి చూచెను. ఆ యంత్రమున ప్రతి ఊపునందును సిలిండరులోనికి చన్నీరు చిమ్మి, ఆవిరిని నీరుగా మార్చుచుండిరి. అందుచే సిలిండరును చల్లబడెడిది. దానిని మరల వేడిచేయుటకే ఆవిరిలో సుమారు మూడుపాళ్లు వ్యయమై, పనికి ఒకపాలు మాత్రమే మిగులుచుండెను. సిలిండరు వేడిగానే యుండవలెను, ఆవిరి చల్లారవలెను. ఈ రెండును ఒకేచోట నెట్లు పొసగును?

ఈ చిక్కు అతనిని బహుకాలము వేధించెను. 1765 మే నెలలో ఒక ఆదివారమున గ్లాస్గో పచ్చికబయలున నడచుచుండగా ఉపాయము తోచెను. ఆవిరిని వేరొక పాత్రలోనికి పోనిచ్చి, అచ్చటనే చల్లార్చవలెను! విశ్రాంతిదినము గనుక పనిముట్లు ముట్టక మరునాటివరకు ఓర్చుకొనెనట. ఆ రాత్రి అతనికి నిద్రపట్టినదో లేదో!

తరువాత అప్పులు, 1773లో భార్యావియోగము. 1775లో బౌల్టనుతో భాగస్థుడైన పిమ్మటనే అతని యంత్రములు గనులకును కర్మాగారములకును చేరెను. 1819లో వాట్టు మరణించెను. ఆ చిన్న నమూనా గ్లాస్గో విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలలో నేటికిని ఉన్నది.