గ్రేస్ హాపర్

గ్రేస్ హాపర్ 1906 డిసెంబరు 9న న్యూయార్క్ నగరంలో జన్మించింది. ఏడేండ్ల వయస్సులో అలారం గడియారం ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోగోరి, ఇంటిలోని ఏడు గడియారాలను ఒకదాని వెంట ఒకటిగా విప్పివేసింది. తల్లి ఇకపై ఒక్క గడియారంతో సరిపెట్టుకొమ్మన్నది. వాస్సర్ కళాశాలలో గణితం బోధిస్తూనే 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరబోగా బరువు చాలదన్నారు. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి 1943లో చేరింది. మరుసటి ఏడు హార్వర్డులో 51 అడుగుల పొడవైన మార్క్-1 గణనయంత్రం వద్ద నియమితురాలయింది. 1949లో యూనివాక్ కంప్యూటరును నిర్మిస్తున్న ఫిలడెల్ఫియా సంస్థలో ప్రవేశించింది.

ఆ రోజులలో ఒకసారి సరిగా పనిచేసిన ఆదేశాల వరుసను ఒకరి నోటుపుస్తకంలో నుండి మరొకరు చేతితో ఎత్తివ్రాసుకొనేవారు. కొత్త చోటికి తగినట్లు అందులోని చిరునామాలన్నింటినీ కూడి మార్చుకోవాలి. గణిత పండితులే అయినా కూడికలో తప్పేవారు. ఎత్తివ్రాతలో 4 అంకె డెల్టా గుర్తుగా, బి అక్షరం 13గా మారిపోయేవి. ఒక్క గుర్తు తప్పినా లెక్క అంతా వ్యర్థమే. ఎత్తివ్రాయడం, కూడడం యంత్రానికి వెన్నతో పెట్టిన విద్యలు కదా! హాపర్ ఆ ఆదేశమాలలను అయస్కాంత టేపుపై చేర్చి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య ఇచ్చింది. కావలసిన సంఖ్యలను వరుసగా వ్రాసి ఇస్తే చాలును. యంత్రమే వాటిని వెదకి తెచ్చి, చిరునామాలు సరిచేసి, ప్రోగ్రామును కూర్చేది. 1952 నాటికి సిద్ధమైన ఈ ఎ-0 కంపైలరును చాలాకాలం ఎవరూ ముట్టలేదు. యంత్రం లెక్కలే కాని ప్రోగ్రాములు చేయజాలదని పెద్దల నమ్మకం. ఆమె వెనుదీయలేదు. తరువాత ఆమె రూపొందించిన ఫ్లో-మాటిక్ భాష 1959లో మొదలైన కోబాల్ భాషకు ఆధారమయింది.

ఎత్తివ్రాత బెడద అంతటితో తీరలేదు. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే సాధనాన్ని తయారుచేశాడు. ఏ ఫైలు మారితే వేటిని తిరిగి కంపైల్ చేయాలో తెలిపే జాబితా దానికి అవసరం. సి భాషలో పనిచేసేవారు ఆ జాబితాను చేతితోనే వ్రాసేవారు. ఒక హెడర్ ఫైలు పేరు మరచితే పాత ముక్క కొత్త ప్రోగ్రాములో మిగిలిపోయేది. సి కంపైలరు హెడర్ ఫైళ్ళన్నింటినీ ఎట్లాగూ చదువుతుంది గనుక, ఆ జాబితాను అదే వ్రాసిపెట్టే సదుపాయాన్ని తరువాత దానిలోనే కల్పించారు.

ఆ కాలానికి హాపర్ మరల నౌకాదళ సేవలో ఉన్నది. 1966లో విరమించిన ఆమెను మరుసటి ఏడే తిరిగి పిలిపించారు. ఉపన్యాసాలలో ఆమె దాదాపు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచి, నానోసెకండులో విద్యుత్సంకేతం పోగలిగిన గరిష్ఠ దూరం అంతేనని చూపేది. 1986లో రియర్ అడ్మిరల్ హోదాతో, 79 ఏండ్ల వయస్సులో విరమించి, 1992 జనవరి 1న మరణించింది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఆమెను ఖననం చేశారు.