కేస్లీ హేఫర్డు

ప్లీడర్లు ప్రజలకు ప్రతినిధులు కారను ఆక్షేపణ మన దేశమునకే పరిమితమైనది కాదు. పశ్చిమాఫ్రికాయందు ఈ యాక్షేపణ నెదుర్కొనుచు జీవితమును గడపిన జోసెఫ్ ఎఫ్రెయిమ్ కేస్లీ హేఫర్డు చరిత్రము మన న్యాయవాదులు తెలిసికొనదగినది.

ఆయన 1866వ సంవత్సరమున గోల్డుకోస్టునందలి కేప్‌కోస్టు పట్టణమున జన్మించెను. ఆ దేశమునకు నేడు ఘనా యని పేరు. తండ్రి మెథడిస్టు మతబోధకుడు. ఫ్రీటౌనులోని ఫోరాబే కళాశాలలో చదివి, ఉపాధ్యాయుడుగను పత్రికారచయితగను కొంతకాలము పనిచేసి, పిమ్మట ఇంగ్లండునందు న్యాయశాస్త్రము నభ్యసించి 1896లో బారిస్టరై స్వదేశమునకు మరలెను. భూములపై సర్కారునకు పెత్తనము కల్పింపజూచిన 1897 నాటి బిల్లును అచ్చటి దొరలును విద్యావంతులును ఏకమై ప్రతిఘటించి, లండనునకు రాయబారమంపి, విరమింపజేసిరి. ఆ యుద్యమమున యువకుడైన హేఫర్డు పాల్గొనెను. ఐకమత్యబల మాయనకు బోధపడినది అప్పుడే.

1914లో ఆరంభమైన మహాసంగ్రామమున గోల్డుకోస్టు సైనికులు టోగో, కామెరూన్, తూర్పు ఆఫ్రికా రంగములలో పోరాడిరి. రక్త మర్పించిన దేశమునకు హక్కులు వలదా యని విద్యావంతులు తలపోసిరి. 1920 మార్చిలో నాలుగు బ్రిటిషు వలసరాజ్యముల ప్రతినిధులు అక్రా నగరమున కాంగ్రెసుగా సమావేశమైరి. శాసనసభలలో సగముమంది ఎన్నికైన సభ్యులుండవలెననియు, పన్నులపై ప్రజాప్రతినిధుల కధికారము కావలెననియు, ఉద్యోగములలో వర్ణభేదము తొలగవలెననియు, విశ్వవిద్యాలయము స్థాపింపవలెననియు కోరిరి. సామ్రాజ్యమును వీడుదుమని వారనలేదు.

ఆ మితమైన కోరికలైనను రుచింపలేదు. లండనునకు వెళ్లిన రాయబారులకు వలసరాజ్యమంత్రి మిల్నరు దర్శనమే యీయలేదు. నైజీరియా గవర్నరు క్లిఫర్డు వారిని ప్రజలతో సంబంధములేని కొలదిమందిగా పరిహసించెను. ఇదే క్లిఫర్డు గోల్డుకోస్టు నేలుచుండగా 1916లో హేఫర్డు శాసనసభకు నియమితుడయ్యెను! సర్కారు నియమించినపుడు పనికివచ్చిన ప్రాతినిధ్యము, తానుగా హక్కు లడిగినపుడు పనికిరాకపోయెను. అంతకంటె గట్టిదెబ్బ ఇంటినుండియే తగిలినది. నానా ఓఫోరీ అట్టా యను దొర, ప్రజలపక్షమున మాటాడుటకు సంప్రదాయనాయకులే అర్హులని కాంగ్రెసు నెదిరించెను. నాడు లండనునకు కలసి రాయబారమంపిన వర్గములు నేడు వేరుపడెను.

అయినను శ్రమ పూర్తిగా వృథా కాలేదు. నైజీరియాకు 1922లో నాలుగు, సియర్రాలియోనుకు 1924లో మూడు, గోల్డుకోస్టు పట్టణములకు 1925లో మూడు ఎన్నిక స్థానములు లభించెను. గోల్డుకోస్టు రాజ్యాంగమున దొరల పలుకుబడి మిక్కుటమని హేఫర్డు మొదట నిరసించినను, తుదకు 1927లో సెకొండి ప్రతినిధిగా సభ ప్రవేశించెను. పాతమిత్రులు కొందరు కినిసిరి. 1930 ఆగస్టులో ఆయన మరణించిన పిదప కాంగ్రెసు క్రమముగా క్షీణించెను.

రైతు నెన్నడు నడుగని ప్రభుత్వము, రైతు పేరుచెప్పి విద్యావంతుని నిరాకరించుట న్యాయము కాదు. కాని కాంగ్రెసు గ్రామములకు పోలేదనుటయు నిజమే. ఆ లోపమును తరువాతి తరము సవరించి, సామాన్యజనమును వెంటనిడుకొని, 1957లో స్వాతంత్ర్యము సాధించినది. ఆ త్రోవలో మొదటి రాళ్లు పరచినవారిలో హేఫర్డు ఒకడు. విజ్ఞాపనపత్రము వ్రాయనేర్చిన మనవంటివారు ఆయన పట్టుదలను గౌరవింపవలెను. ఆయన పోని పల్లెలకు పోవలెను.